లేబులు మీది ఆడమనిషి ఎవరు?

(నందికొట్కూరులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి మనం పెట్టుకునే సమావేశాల్లో ఆస్తి, కూలి, హింస, ఆరోగ్యం, చదువు అన్నీ చర్చకు వస్తాయి. మనం వేసే పోస్టర్ల మీది బొమ్మల గురించి, మన సంఘాలకూ పథకాలకూ పెట్టే పేర్ల గురించి, మన చేతులతో చేసిన సరుకు మీద అంటించే లేబుళ్ల గురించి మాత్రం ఎవరూ పనిగట్టుకుని మాట్లాడరు. అవి ప్రెస్సువాళ్లు చూసుకునే పనులనుకుంటాం. మార్చి 8 దగ్గర పడగానే పాత పోస్టరు తీసి, అందులో బొమ్మ ఉంచి తేదీ మార్చమంటాం. బొమ్మలో ఎవరున్నారు, ఎవరు లేరు అని చూసే తీరిక మనకు ఉండదు. ఈ రోజు ఆ సంగతే మాట్లాడదామని వచ్చాను.

దీనికి ఒక కారణం ఉంది. ఈ ప్రాంతం నుంచి వెళ్లి డిజైన్ కోర్సు చదువుతున్న ఒక అమ్మాయి, తాను కాలేజీలో చేసిన రెండు ప్రాజెక్టుల గురించి రాసుకున్న నోటుపుస్తకం నాకు చదవడానికి ఇచ్చింది. ఒకటి బొమ్మలు గీసే ప్రాజెక్టు, ఇలస్ట్రేషన్ అంటారు. రెండోది ఒక సరుకుకు పేరు, గుర్తు, రంగు, లేబులు తయారుచేసే బ్రాండింగ్ ప్రాజెక్టు. తన పేరూ కాలేజీ పేరూ చెప్పవద్దని కోరింది, చెప్పను. మార్కుల కోసం మొదలుపెట్టిన పని ఆమెను ఎన్నో ప్రశ్నల దగ్గరికి తీసుకెళ్లింది. అవి మన సంఘాల ప్రశ్నలు కూడా కాబట్టి మీ ముందుంచుతున్నాను.

డిజైన్ చదువు ఎవరిది?

మన దేశంలో డిజైన్ విద్యకు పునాది వేసినవాటిలో ముఖ్యమైనది 1958 నాటి ఇండియా రిపోర్టు. భారత ప్రభుత్వం కోరితే అమెరికా డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ రాసిచ్చిన నివేదిక అది. దాని తర్వాతే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఆ నివేదికలో వాళ్లు అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్న వస్తువు మనం నీళ్లకు వాడే చెంబు. ఏ ఒక్కరూ కూర్చుని దాన్ని రూపొందించలేదనీ, తరతరాల వాడకంలో అది ఆ రూపానికి వచ్చిందనీ అన్నారు. బాగుంది. అయితే ఆ తరతరాలలో చెంబును తోమింది ఎవరు, నడుము మీద మోసింది ఎవరు, ఊరి బావిలో దాన్ని ముంచనివ్వకుండా ఎవరిని ఆపారు అన్న ప్రశ్నలు ఆ మెప్పులో లేవు. ఇంకో సంగతి. ఆ నివేదిక రాసిన ఇద్దరిలో రే ఈమ్స్ స్త్రీ. చాలాకాలం పాటు లోకం ఆమెను భర్తకు సహాయకురాలిగానే చూసింది. అంటే డిజైన్ చరిత్ర మొదటి పేజీలోనే, పని చేసే చేయి ఒకటి, పేరు మోసే మనిషి ఇంకొకరు అన్న సమస్య ఉంది.

ఇప్పుడు ఆ చదువు మనకూ దగ్గరైంది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కు జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. 2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కూలినాలి చేసుకునే ఇళ్ల నుంచి కూడా ఆడపిల్లలు ఈ కోర్సుల్లోకి వెళ్తున్నారు. వాళ్లు అక్కడ ఏం నేర్చుకుంటున్నారు, అక్కడికి ఏం తీసుకెళ్తున్నారు అని మనం పట్టించుకోవాలి.

చొక్కా లేని కూలిమనిషి

మొదటి ప్రాజెక్టులో ఇచ్చిన అంశం "శ్రమించే స్త్రీ". ఆ అమ్మాయి బాగానే గీసింది. ఎర్రచీర, నుదుట బొట్టు, నెత్తిన గంప, వెనక సూర్యుడు, పెదవుల మీద చిరునవ్వు. మంచి మార్కులే వచ్చాయి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆ బొమ్మను వాళ్లమ్మకూ, ఆమెతో పాటు పత్తి చేలోకి పోయే ఇరుగుపొరుగు ఆడవాళ్లకూ చూపించింది. వాళ్లన్న మాటలను నోటుపుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకుంది.

"ఇంత ఎండలో నవ్వుకుంటా ఎవురు పని సేస్తారు పాపా?" అంది ఒకామె. "ఈయమ్మకు సొక్కా ఏది?" అని అడిగింది ఇంకొకామె.

చొక్కా సంగతి మీలో పొలం పనికి పోయేవాళ్లందరికీ తెలుసు. ఎండకూ, పత్తికాయ గీరుకుపోకుండానూ చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుంటారు, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఇది రాయలసీమలోనూ, తెలంగాణలోనూ రోజూ కనిపించే దృశ్యం. కానీ శ్రమించే స్త్రీ అనగానే గీసే బొమ్మల్లో ఆ చొక్కా ఉండదు. ఎందుకుండదు? బొమ్మ గీసే చేతికి ముందే ఒక అచ్చు ఇచ్చేశారు. పల్లెటూరి స్త్రీ అంటే అందంగా, సంప్రదాయంగా, బొట్టుతో, అలసట లేకుండా ఉండాలి. మగవాడి చొక్కా తొడుక్కున్న స్త్రీ ఆ అచ్చులో ఇమడదు. ఆ అమ్మాయి తన నోటుపుస్తకంలో ఇలా రాసుకుంది: "నేను రోజూ చూసిన మా అమ్మను గీయలేదు. నేను ఎన్నడూ చూడని ఒకామెను గీశాను. ఆమె ఎవరో నాకు తెలియదు, కానీ మా సార్లందరికీ తెలుసు."

ఈ మాటను మనం గట్టిగా పట్టుకోవాలి. స్త్రీలను చూపించకపోవడం ఒక రకం అన్యాయం. లేని స్త్రీని చూపించి ఉన్న స్త్రీని మాయం చేయడం ఇంకో రకం. రెండోది కనిపెట్టడం కష్టం.

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయడం, మరునాడు పొద్దున మగపువ్వు పుప్పొడి అద్దడం, మీరు క్రాసింగ్ అనే ఈ పనిలో వేల మంది ఆడపిల్లలు బడి మాని గంటల తరబడి నిలబడ్డారు. 2003లో దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనం, ఆ పొలాల వెనక పేరున్న విత్తన కంపెనీలు, బహుళజాతి కంపెనీలు కూడా ఉన్నాయని బయటపెట్టింది. కంపెనీల పేర్లతో సహా సంగతి బయటికొచ్చాకే వాళ్ల మీద ఒత్తిడి పెరిగింది. ఆ విత్తనాల సంచి మీద బొమ్మ ఏముంటుంది? విచ్చిన తెల్లటి పత్తి, కంపెనీ గుర్తు. అద్దిన వేళ్లు ఉండవు. బ్రాండు అంటే నమ్మకం అని పాఠాల్లో చెబుతారు. ఎవరికి నమ్మకం, ఎవరిని దాచిపెట్టి నమ్మకం అని కూడా మనం అడగాలి.

కళ్లెత్తు

ఇక్కడ ఒక ఉదాహరణ చెప్తాను. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు కెమెరా పట్టి సినిమాలు తీయడం నేర్చుకున్నారు. చాలామందికి చదువు లేదు. కెమెరా కోణాలకు ఇంగ్లీషులో ఉన్న పేర్లు వాళ్లకు అక్కర్లేకపోయాయి. తమ పేర్లు పెట్టుకున్నారు. ఎత్తూ పల్లాల తేడాను చూపేది పటేల్ షాట్. పటేల్ ఎత్తులో ఉంటాడు, కూలివాళ్లు కింద నిలబడి తలెత్తి చూస్తారు కాబట్టి. పై నుంచి కిందికి చూసేది ఆ పటేల్ కూలివాళ్లను చూసే చూపు. ఎదురెదురుగా కూర్చుని, కళ్లకు కళ్లు సమంగా ఉండేట్టు తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద కూర్చుంటారు కదా! తాము తీసేది సంఘం షాటేనన్నారు.

ఏ యూనివర్సిటీ పాఠంలోనూ చూపుకూ అధికారానికీ ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. మన దగ్గరున్న పోస్టర్లను ఈ కొలతతో చూడండి. సాయం అందుకుంటున్న స్త్రీని ఎప్పుడూ పై నుంచే గీస్తారు. సాయం ఇస్తున్న నాయకుణ్ణి, అధికారిని, కొన్నిసార్లు స్వచ్ఛంద సంస్థ వాళ్లను కూడా, కింద నుంచి గీస్తారు.

బొమ్మ చూసేవాళ్లు తమను అందులో గుర్తుపట్టినప్పుడు ఏం జరుగుతుందో మన రాష్ట్రమే చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం నడిచింది. వయోజనుల వాచకంలో సీతమ్మ కథ ఉండేది. సారా వల్ల ఇల్లు కూలిన ఒక స్త్రీ, ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి సారా అంగడిని అడ్డుకోవడం అందులో విషయం. దూబగుంట స్త్రీలు ఆ కథలో తమను చూసుకున్నారు. తర్వాత జరిగింది మీకు తెలుసు. 1992లో ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు, అది వేరే కథ. వాచకం ఒక్కటే ఉద్యమం తెచ్చిందని నేను అనను. కడుపుమంట ఉంది, అప్పులు ఉన్నాయి, దెబ్బలు ఉన్నాయి. కానీ తమ బతుకు అచ్చులో కనబడటం వాళ్లకు ఒక ఊతం అయింది. ఆ పాఠం సారా కాంట్రాక్టర్లకు కంటగింపు కావడమే దాని బలానికి రుజువు.

ఇంకో ఉదాహరణ రాజస్థాన్‌ది. అక్కడి మహిళా అభివృద్ధి కార్యక్రమంలో పల్లెటూరి స్త్రీలు, కార్యకర్తలు కలిసి శరీరం గురించి ఒక పుస్తకం తయారుచేసుకున్నారు. 1989లో కాళీ ఫర్ విమెన్ దాన్ని ప్రచురించింది. 75 మంది స్త్రీలు దానికి రచయితలు. మొదట గీసిన బొమ్మల్లో స్త్రీలు బట్టలు లేకుండా ఉన్నారు. ఊళ్లో ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఇట్లా బట్టలు లేకుండా మేం ఎక్కడ కనిపిస్తాం అన్నారు. అప్పుడు ఏం చేశారు? పాఠం తీసేయలేదు. ఘాగ్రా కట్టుకున్న స్త్రీ బొమ్మ గీసి, ఆ ఘాగ్రా మీద కాగితం రెక్క అతికించారు. రెక్క ఎత్తితే లోపల శరీర భాగాలు కనబడతాయి. సిగ్గూ నిలిచింది, విజ్ఞానమూ అందింది. ఇంత తెలివైన ఇలస్ట్రేషన్ ఊళ్లో ఆడవాళ్లు ఒప్పుకోమని చెప్పడం వల్లే పుట్టింది. ఆ మాట వినే ఓపిక గీసినవాళ్లకు ఉండటం వల్ల పుట్టింది.

గుర్తు చెప్పే అబద్ధం

ఇప్పుడు గుర్తుల సంగతి. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ గోడల మీద కనబడిన ప్రభుత్వ గుర్తులలో ఎర్ర త్రికోణం ఒకటి. తలకిందులుగా ఉండే ఆ త్రికోణాన్ని 1960లలో కుటుంబ నియంత్రణ శాఖలో దీప్ త్యాగి ప్రచారంలోకి తెచ్చారు. దానితో పాటు నాలుగు ముఖాలు వచ్చాయి, అమ్మ, నాన్న, కొడుకు, కూతురు. చదువురాని వాళ్లకూ అర్థమవుతుంది, గోడ మీద వేయడం తేలిక. డిజైన్‌గా గొప్ప పనే.

కానీ ఆ బొమ్మ ఏం చెబుతోంది? భార్యాభర్తలిద్దరి ముఖాలూ సమానంగా ఉన్నాయి, అంటే ఇద్దరిదీ సమాన బాధ్యత అని. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ జరిగింది. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. గుర్తులో రెండు ముఖాలు, ఆపరేషన్ బల్ల మీద ఒక్క ఒళ్లు. గుర్తు పని తీరే ఇంత. జరుగుతున్నదాన్ని చూపించడానికి బదులు, జరుగుతోందని మనం నమ్మాల్సినదాన్ని చూపిస్తుంది.

పేర్లూ అంతే. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిచింది. ఇక్కడికి దగ్గరలోని ఓర్వకల్లులో పొదుపు సంఘాలు దాని అండతోనే పెరిగి, దేశమంతటి నుంచి జనం వచ్చి చూసే స్థాయికి ఎదిగాయి. తర్వాత 2000లో వెలుగు వచ్చింది. అదే ఇందిరా క్రాంతి పథం అయింది. 2019 తర్వాత వైఎస్ఆర్ క్రాంతి పథం అయింది. చాప మీద కూర్చుని వారం వారం రూపాయి రూపాయి కూడబెట్టిన ఆడవాళ్లు వాళ్లే. బోర్డు మీద పేర్లు మాత్రం ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారాయి. ఒక్క ఆడకూలీ పేరైనా ఏ బోర్డుకైనా పెట్టారా?

2019 ఎన్నికల ముందు డ్వాక్రా స్త్రీలకు 10,000 రూపాయల చొప్పున ఇచ్చిన సాయానికి పసుపు–కుంకుమ అని పేరు. ఆ డబ్బు పేద స్త్రీలకు అక్కరకు వచ్చింది, కాదనను. కానీ ఆ పేరు ఎవరిని పిలుస్తోంది, ఎవరిని బయట నిలబెడుతోంది? సంఘంలోని భర్త చనిపోయిన స్త్రీ సంగతేమిటి? ముస్లిం స్త్రీ, క్రైస్తవ స్త్రీ సంగతేమిటి? ఇంకా లోతైన సంగతి ఉంది. మన ఊళ్లలో పసుపు కుంకుమ అంటే పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు ప్రేమతో ఇచ్చేది. ఇవ్వకపోతే అడిగే హక్కు లేనిది. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని సవరించుకుంది. అది 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది. దేశం మొత్తానికి అది రావడానికి 2005 దాకా పట్టింది. అంత ముందుగా హక్కును రాసుకున్న రాష్ట్రం, ప్రజల డబ్బును ప్రజలకు ఇస్తూ దాన్ని అన్న పెట్టిన పసుపు కుంకుమగా మార్చుకుంది. హక్కుకు కానుక పేరు పెట్టడం చిన్న విషయం కాదు. కానుకకు దండం పెడతాం. హక్కును లెక్క అడుగుతాం.

"అమ్మ చేతిది అంటే దుడ్లు ఎవరిస్తారు?"

రెండో ప్రాజెక్టుకు వస్తాను. ఒక చిన్న ఉత్పత్తికి బ్రాండు తయారుచేయమన్నారు. ఆ అమ్మాయి తన ఊరి దగ్గరి పదిమంది సభ్యుల సంఘాన్ని ఎంచుకుంది. వాళ్లు కొర్రబియ్యం, జొన్నపిండి, బుడ్డల పొడి చేసి అమ్ముతారు. ఆమె పెట్టిన పేరు "అమ్మ చేతి రుచి". పసుపురంగు, ముగ్గు అంచు, రోకలి పట్టుకున్న నడివయసు స్త్రీ.

సంఘంలో చూపిస్తే పెద్దామె ఒకరు అడిగారట. "అమ్మ చేతిదని రాస్తే దుడ్లు ఎవరిస్తారు పాపా? అమ్మకు యాడన్నా కూలి ఇచ్చినారా?"

ఇంటిచాకిరీకి విలువ కట్టకపోవడం మీద మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. ఆ సిద్ధాంతమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. ఇంటి వంట, అమ్మ ప్రేమ, అమ్మమ్మ చేయి అన్న మాటలతో అమ్మే సరుకులు బజారు నిండా ఉన్నాయి. ఆ మాటలు సరుకును పైకెత్తుతాయి, పనిని కిందికి దించుతాయి. ప్రేమతో చేసినదానికి కూలి రేటు ఎట్లా అడుగుతాం? పని గంటలు ఎట్లా లెక్క రాస్తాం? మరాడించిన పిండి పొట్లం మీద రోకలి బొమ్మ ఎందుకని ఇంకొకామె అడిగింది. మా మర బొమ్మ వెయ్యి, దానికి అప్పు కట్టినాం అంది. అప్పు తీర్చి సొంతం చేసుకున్న యంత్రం ఆమెకు గర్వం. మనమేమో ఆమె చేతికి మళ్లీ రోకలి ఇస్తున్నాం.

పేరు దగ్గర ఇంకో తగువు. లేబులు మీద పల్లీ పొడి అని రాయాలని, బుడ్డలంటే పట్నంలో అర్థం కాదని తరగతిలో అన్నారు. "పల్లీలంటే మేం హైదరాబాదోళ్లం అయితామా?" అని నవ్వారట సంఘంలో. చివరికి పెద్ద అక్షరాల్లో బుడ్డల పొడి, కింద చిన్నగా వేరుశనగ అని రాశారు. కొనేవాళ్లు ఒక కొత్త మాట నేర్చుకుంటే నష్టమేమీ లేదు.

అసలు గడ్డు సమస్య ఫోటో దగ్గర వచ్చింది. తయారుచేసినవారి ముఖం వేస్తే కొనేవాళ్లకు నమ్మకం కలుగుతుందని ఆ అమ్మాయి చదువుకుంది. సంఘంలో ఇద్దరు దళిత స్త్రీలు ఉన్నారు. వాళ్లలో పెద్దామె, నా ఫోటో వద్దు, మన ఊళ్లో ఎవరూ కొనరు అంది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదని నోటుపుస్తకంలో ఉంది. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఎందుకు ఆదేశించాల్సి వచ్చింది? వాళ్ల చేతి వంట తినమనే జనం ఉన్నారు కాబట్టే. "అమ్మ చేతి" అన్న బ్రాండులో ఆ అమ్మకు చెప్పకుండానే ఒక కులం ఉంది. ముఖం వేయకుండా ఉంటే కులవివక్షకు లొంగినట్టు. వేస్తే సరుకు పోతుంది, పోయేది ఆమె కూలే. బ్రాండింగ్ పాఠంలో దీనికి జవాబు లేదు.

ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. అడిగింది. అది ఆమె చేసిన మంచి పని. రెండు సమావేశాలు పట్టాయి. చిన్నవయసు సభ్యులు పేర్లు ఉండాల్సిందేనన్నారు. చివరికి ఫోటోలు వద్దనీ, పొట్లం వెనక పదిమంది పేర్లూ ఇంటిపేర్లు లేకుండా అక్షరక్రమంలో వేయాలనీ తేల్చారు. ఆ పెద్దామె చెప్పిన మాట: "అందరివీ ఉంటే నాదీ ఉండనీ. అందరివీ వేసి నాదొక్కటి వదిలిపెడితే మాత్రం ఊరుకోను."

అమ్మ పోయింది, రోకలి పోయింది. ముందు ఒక గుండ్రని మరరాయి బొమ్మ, వెనక పది పేర్లు. తరగతిలో ఈ లేబులుకు అంత మంచి మార్కులు రాలేదు, వెనకవైపు అక్షరాలు ఎక్కువయ్యాయన్నారు. ఆమె రాసుకుంది: "అక్షరాలు ఎక్కువ కాలేదు. మనుషులు ఎక్కువ ఉన్నారు."

గుర్తు ఎవరి సొత్తు?

బొమ్మ ఎంత న్యాయంగా ఉన్నా, అది ఎవరి పేరు మీద ఉందో చూసుకోకపోతే రేపు చేజారిపోతుంది. కార్యకర్తలు తెలుసుకోవాల్సిన మూడు సంగతులు చెప్తాను.

మొదటిది బొమ్మ మీద హక్కు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, బొమ్మ గీసినవారే సాధారణంగా దాని మొదటి హక్కుదారు. విద్యార్థి ఉచితంగా గీసిచ్చిన బొమ్మను సంఘం వాడుకుంటున్నంత మాత్రాన అది సంఘానిది కాదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. కాబట్టి ఒక్క కాగితం అయినా రాసుకోండి. అందులో గీసినవారి పేరు వేస్తామని కూడా రాయండి. స్త్రీల పని ఉచితంగా తీసుకోవడం తప్పని చెప్పే మనం, డిజైన్ చదివే ఆడపిల్ల పనిని ఉచితంగా తీసుకోవడం న్యాయం కాదు. ఎంతో కొంత చెల్లించండి.

రెండోది పేరు మీద హక్కు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద పేరును, గుర్తును రిజిస్టరు చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు 2017 నిబంధనల్లో ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక తరగతి సరుకుకు 4,500 రూపాయలుగా పెట్టారు. సభ్యులందరూ వాడుకునే సమష్టి గుర్తుకు కూడా ఆ చట్టంలో వీలుంది. సమాఖ్యలు దీని గురించి ఆలోచించాలి. దరఖాస్తు ఎవరి పేరు మీద వేస్తున్నారన్నదే కీలకం. సరుకు కొనే వ్యాపారి పేరు మీద కాదు, లేబులు గీయించిన అధికారి పేరు మీద కాదు, సాయం చేసిన స్వచ్ఛంద సంస్థ పేరు మీద కూడా కాదు. ఈ చివరి మాట ఇక్కడున్న కొందరికి కష్టంగా ఉండొచ్చు. అయినా చెప్పాలి.

మూడోది లేబులు మీద చట్టం కోరేవి. తినే సరుకుకు ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, తయారీ తేదీ, బరువు, ధర, దినుసుల వివరం ఉండాలి. ఇవి అందం చెడగొట్టే చిన్న అక్షరాలని డిజైన్ విద్యార్థులు అనుకుంటారు. మన సరుకు పట్నం అంగట్లో అరమీదికి ఎక్కేది ఆ చిన్న అక్షరాల వల్లే.

పేరూ హక్కూ చేసేవాళ్ల చేతిలో ఉంటే ఏం జరుగుతుందో లిజ్జత్ పాపడ్ చెబుతుంది. 1959 మార్చిలో బొంబాయి గిర్గాంలో ఏడుగురు గుజరాతీ స్త్రీలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. పాపడ్ ఒత్తేవాళ్లే సభ్యులు, సభ్యులే యజమానులు. అందులో అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు, ఇంటి దగ్గర చేసే పని గురించిన ప్రశ్నలు అక్కడా ఉన్నాయి. కానీ ఆ పేరు వాళ్లది. దాని మీద వచ్చే లాభం వాళ్లు పంచుకుంటారు.

మనం చేయగలిగింది

చివరగా కొన్ని ప్రతిపాదనలు. వచ్చే మూడు నెలల్లో ప్రతి సంఘమూ తన దగ్గరున్న పోస్టర్లు, కరపత్రాలు, లేబుళ్లు నేల మీద పరిచి ఒక పూట చూడాలి. ఇందులో మన మాదిరి మనుషులు ఉన్నారా? చొక్కా తొడుక్కున్నామె ఉందా? బురఖా వేసుకున్నామె, బొట్టు లేనామె, వికలాంగురాలు ఉన్నారా? చూపు పటేల్‌దా, సంఘానిదా? పేరు హక్కును చెబుతోందా, కానుకను చెబుతోందా? ఇవి రాసి పత్రికకు పంపండి, వచ్చే సంచికలో చర్చిద్దాం.

డిజైన్ కాలేజీలకూ ఒక విన్నపం చేయాలి. విద్యార్థులను ఊళ్లలోకి పంపేటప్పుడు బొమ్మలు తెచ్చుకోవడానికి మాత్రమే పంపవద్దు. గీసిన బొమ్మను తిరిగి తీసుకెళ్లి ఎవరిని గీశారో వాళ్లకు చూపించి, వాళ్లు వద్దన్నదాన్ని మార్చడం కూడా పాఠంలో భాగం చేయండి. దానికి మార్కులు వేయండి. సంఘం స్త్రీ ఒకరిని ఆ మూల్యాంకనంలో కూర్చోబెట్టండి, ఆమెకు దినకూలి ఇవ్వండి.

ఆ అమ్మాయి లాంటివాళ్లు ఇప్పుడు ఈ సీమ నుంచి ఎంతోమంది వెళ్తున్నారు. వాళ్లను మన పోస్టరు అందంగా చేసిపెట్టే పిల్లలుగా చూడొద్దు. మన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుందాం. వాళ్లు గీసిన బొమ్మ మనకు నచ్చకపోతే నచ్చలేదని చెబుదాం, ఎందుకో చెబుదాం. వాళ్లు అడిగినదానికి జవాబు తెలియకపోతే ఆ పెద్దామె లాగా సమావేశం పెట్టుకుని తేల్చుకుందాం. లేబులు మీది ఆడమనిషి ఎవరో తేల్చే హక్కు ఆ సరుకు చేసిన ఆడమనిషిదే.

 ఇప్పుడు మీరు మాట్లాడండి.